స్ట్రింగుల నకలు: 'సురక్షితం' అన్న మాటపై ఒక విమర్శ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సి భాషలో స్ట్రింగును నకలు చేసే ముఖ్య ఫంక్షన్ల గుణదోషాలను బేరీజు వేయగలుగుతారు.
• 'స్టర్‌కాపీ బదులు స్టర్‌ఎన్‌కాపీ వాడితే చాలు' అన్న అభిప్రాయం ఎందుకు సరికాదో వివరించగలుగుతారు.
• మెమరీ భద్రతకూ అర్థ భద్రతకూ ఉన్న తేడాను తెలుగు ఉదాహరణలతో చెప్పగలుగుతారు.

1. విషయ పరిచయం

స్ట్రింగును ఒకచోటి నుంచి మరోచోటికి నకలు చేయడం చాలా చిన్న పనిగా కనిపిస్తుంది. లైబ్రరీలో దానికి ఫంక్షన్ ఉంది, పిలిస్తే పని అయిపోతుంది. కానీ ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్ సర్వర్, డివైస్ డ్రైవర్ వంటి వాటిలో దశాబ్దాలుగా బయటపడుతున్న భద్రతా లోపాల్లో ఈ చిన్న పనికి పెద్ద వాటాయే ఉంది.

ఈ ఫంక్షన్లను ఎలా వాడాలో చెప్పడం ఒక్కటే ఈ పాఠం పని కాదు. వాటిని విమర్శనాత్మకంగా పరిశీలించడం దీని ముఖ్యోద్దేశం. ఒక రచనను విమర్శించేటప్పుడు అది ఏ అవసరంలోంచి పుట్టింది, ఏం చేస్తానంది, చేసిందా లేదా అని అడుగుతాం. లైబ్రరీ ఫంక్షన్‌ను కూడా ఇవే ప్రశ్నలు అడగవచ్చు. ఫంక్షన్ పేరు ప్రోగ్రామర్‌కు ఒక మాట ఇస్తుంది. ఆ మాట నిలబెట్టుకుందా అన్నదే మన విచారణ.

స్టర్‌కాపీ ప్రమాదకరం, స్టర్‌ఎన్‌కాపీ సురక్షితం అన్న సూత్రాన్ని మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. నేను కూడా చాలా సంవత్సరాలు తరగతి గదిలో ఇదే చెప్పాను. అది తప్పు. ఎందుకు తప్పో చెప్పవలసిన బాధ్యత అందువల్ల నాకు కొంచెం ఎక్కువే ఉంది.

ఒక సూచన: ఈ ఫంక్షన్ల పేర్లను ప్రోగ్రాంలో రోమన్ లిపిలో కుదించి రాస్తారు. ఉదాహరణకు స్టర్‌కాపీ అంటే ఎస్, టి, ఆర్, సి, పి, వై అనే ఆరు అక్షరాలు. ఈ పాఠంలో వాటిని పలికే తీరులోనే రాస్తున్నాం.

2. సి స్ట్రింగు స్వభావం

సి భాషలో స్ట్రింగు అంటే వరుసగా ఉన్న కొన్ని బైట్లు, వాటి చివర విలువ సున్నా అయిన ఒక బైట్. ఈ సున్నా బైట్ ముగింపు గుర్తు. స్ట్రింగు ఎంత పొడవుందో ఎక్కడా రాసి ఉండదు. తెలుసుకోవాలంటే మొదటి నుంచి సున్నా కనబడేదాకా నడవాలి.

ఇలా ఎందుకు చేశారు? స్ట్రింగు పొడవును మొదటే ఒక చిన్న గడిలో దాచే పద్ధతి అప్పటికే ఉంది. అయితే ఎనిమిది, తొమ్మిది బిట్ల గడిలో పెద్ద సంఖ్య పట్టదు కాబట్టి స్ట్రింగు పొడవుకు హద్దు పడుతుంది. ఆ హద్దు వద్దనుకోవడం ఒక కారణమనీ, లెక్కను ఎప్పటికప్పుడు సరిచూడటం కంటే చివర గుర్తు పెట్టడమే తమకు సౌకర్యంగా తోచిందనీ సి సృష్టికర్త డెన్నిస్ రిచీ తరువాత వివరించారు. 1970ల ఆరంభంలో బెల్ ల్యాబ్స్‌లోని చిన్న యంత్రాల మీద అది అర్థంలేని నిర్ణయం కాదు. దాన్ని ఈనాటి కళ్లతో చూసి ఎగతాళి చేయడం విమర్శ అనిపించుకోదు.

కానీ ఆ నిర్ణయం వల్ల రెండు విషయాలు శాశ్వతంగా ప్రోగ్రామర్ నెత్తిన పడ్డాయి. మూలం ఎంత పొడవుందో స్ట్రింగు చెప్పదు. గమ్యంలో ఎంత చోటుందో పాయింటర్ చెప్పదు. ఈ రెండూ గుర్తుంచుకుంటే మిగతా పాఠం తేలిక.

3. స్టర్‌కాపీ: క్లుప్తత వెనుక నమ్మకం

స్టర్‌కాపీకి రెండు చిరునామాలు ఇస్తాం: గమ్యం, మూలం. అది మూలం నుంచి ఒక్కో బైట్ తీసి గమ్యంలో పెడుతూ, సున్నాను కూడా నకలు చేసి ఆగుతుంది. కెర్నిగాన్, రిచీలు 1978లో ప్రచురించిన సి పుస్తకంలో ఈ పనిని ఒకే ఒక వైల్ లూప్‌గా కుదించి చూపారు. పాయింటర్ల శక్తిని నేర్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అయితే ఆ లూప్‌లో లేనిదేమిటో గమనించండి. గమ్యం పరిమాణం ఎక్కడా లేదు. మరిచిపోయారని కాదు, ఫంక్షన్‌కు ఆ సంగతి తెలిసే దారే లేదు. మూలంలో వంద బైట్లు, గమ్యంలో పదహారు ఉంటే మిగతా బైట్లు పక్కనున్న మెమరీ మీదికి పోతాయి. గమ్యం స్టాక్ మీద ఉన్న స్థానిక అర్రే అయితే, దానికి దగ్గర్లోనే ఫంక్షన్ తిరిగి వెళ్లవలసిన చిరునామా ఉంటుంది. మూలంలోని అక్షరాలను బయటివాడు పంపి ఉంటే, ఆ చిరునామాను కూడా వాడే రాయగలడు. అంటే ప్రోగ్రాం తరువాత ఎక్కడికి పోవాలో వాడే నిర్ణయిస్తాడు.

ఇది ఊహ కాదు. 1988 నవంబరు 2న అమెరికాలో విడుదలైన మోరిస్ వర్మ్ ప్రవేశించిన దారుల్లో ఒకటి ఫింగర్ సర్వర్. ఆ సర్వర్ 512 బైట్ల బఫర్‌లోకి గెట్స్ అనే ఫంక్షన్‌తో ఒక పంక్తిని చదివేది. గెట్స్ నకలు ఫంక్షన్ కాకపోయినా దాని రోగం అదే: గమ్యం ఎంతుందో దానికి తెలియదు. చివరికి 2011 నాటి సి ప్రమాణం నుంచి గెట్స్‌ను తొలగించారు. స్టర్‌కాపీ మాత్రం ఇప్పటికీ ఉంది.

ఈ తేడాలో న్యాయం ఉంది. గెట్స్‌ను సురక్షితంగా వాడే మార్గం ప్రోగ్రామర్ చేతిలో లేదు, ఎందుకంటే బయటివాడు ఎంత పొడవు పంక్తి పంపుతాడో ముందే తెలియదు. స్టర్‌కాపీకి ముందు మూలాన్ని కొలిచి చూసే వీలుంది. కాబట్టి స్టర్‌కాపీ అజ్ఞాని మాత్రమే, అబద్ధాలకోరు కాదు. నేను హద్దు చూస్తానని అది ఎన్నడూ చెప్పలేదు. తరువాత చూడబోయే ఫంక్షన్ విషయంలో ఈ మాట అనలేం.

4. స్టర్‌ఎన్‌కాపీ: వేరే పనికి పుట్టిన పనిముట్టు

స్టర్‌ఎన్‌కాపీ మూడో విలువగా ఒక సంఖ్యను, ఎన్‌ను తీసుకుంటుంది. అంతకు మించి ఒక్క బైట్ కూడా గమ్యంలో రాయదు. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు ఎనిమిది బైట్ల గమ్యం తీసుకుని, ఎన్ విలువ 8గా ఇచ్చి, మన ఊళ్ల పేర్లను రోమన్ లిపిలో నకలు చేసి చూద్దాం.

• గుంటూరు: 6 అక్షరాలు. ఆరు అక్షరాలు, రెండు సున్నాలు. స్ట్రింగు సరిగా ముగిసింది.
• ఖమ్మం: 7 అక్షరాలు. ఏడు అక్షరాలు, ఒక సున్నా. సరిగా ముగిసింది.
• వరంగల్: 8 అక్షరాలు. ఎనిమిదీ పట్టాయి, సున్నాకు చోటు లేదు. ముగింపు గుర్తు లేదు.
• హైదరాబాద్: 9 అక్షరాలు. మొదటి ఎనిమిది పట్టాయి, చివరిది పోయింది. ముగింపు గుర్తూ లేదు.

మూడో వరుస దగ్గర ఒక్క క్షణం ఆగండి. అక్షరం ఏదీ పోలేదు, హద్దు దాటి ఏదీ రాయలేదు. అయినా గమ్యంలో ఉన్నది స్ట్రింగు కాదు. దాన్ని ప్రింట్ చేస్తే, పక్క మెమరీలో ఎక్కడో సున్నా తగిలేదాకా ఏముంటే అది బయటికి వస్తుంది. అక్కడ ఉన్నది పాస్‌వర్డ్ కావచ్చు. ఆ గమ్యాన్నే మూలంగా చేసి మరోచోటికి స్టర్‌కాపీ చేస్తే, మనం తప్పించుకున్నామనుకున్న ప్రమాదం అక్కడ జరుగుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత గుర్తుకు రావడం సహజం.

పైగా ఇలాంటి లోపం పరీక్షల్లో సులభంగా తప్పించుకుంటుంది. గుంటూరుతో పరీక్షిస్తే పనిచేస్తుంది, ఖమ్మంతోనూ పనిచేస్తుంది. పక్క బైట్ అదృష్టవశాత్తు సున్నా అయితే వరంగల్‌తో కూడా పనిచేసినట్టే కనిపిస్తుంది.

మరి ఇంత వింత ఫంక్షన్‌ను ఎవరు, ఎందుకు తయారు చేశారు? దీని పుట్టుక తెలిస్తే వింత పోతుంది. తొలినాళ్ల యూనిక్స్‌లో డైరెక్టరీలోని ఒక్కో నమోదు 16 బైట్లు. అందులో 2 బైట్లు ఐనోడ్ సంఖ్యకు, 14 బైట్లు ఫైలు పేరుకు. పేరు చిన్నదైతే మిగిలిన చోటంతా సున్నాలు. సరిగ్గా 14 అక్షరాలుంటే ముగింపు గుర్తు అక్కర్లేదు, ఎందుకంటే ఆ గడి వెడల్పు అందరికీ తెలుసు. ఇలాంటి స్థిరమైన గడులను నింపడానికి పుట్టిందే స్టర్‌ఎన్‌కాపీ. మిగిలిన చోటంతా సున్నాలు నింపడం, నిండితే ముగింపు గుర్తు వదిలేయడం ఆ పనికి లోపాలు కావు, అవసరాలు.

కాబట్టి మన విమర్శ దాని ప్రవర్తన మీద కాదు, పేరు మీద, మనం దాన్ని వాడుకున్న తీరు మీద. పేరులో 'స్టర్' ఉంది, కానీ అది తయారు చేసేది ఎల్లప్పుడూ స్ట్రింగు కాదు. 'ఎన్' ఉంది, కానీ పక్కనే ఉన్న స్టర్‌ఎన్‌క్యాట్‌లో అదే ఎన్‌కు అర్థం వేరు. అక్కడ అది గమ్యం పరిమాణం కాదు, కొత్తగా చేర్చగల అక్షరాల గరిష్ఠ సంఖ్య. వాటి తరువాత సున్నాను అదనంగా పెడుతుంది. ఒకే కుటుంబంలో ఒకే అక్షరానికి రెండు అర్థాలుంటే చదివేవాడు పొరబడక ఏం చేస్తాడు?

చాలామంది దీనికి ఒక సర్దుబాటు చేస్తారు: ఎన్‌గా పరిమాణం కంటే ఒకటి తక్కువ ఇచ్చి, చివరి గడిలో చేత్తో సున్నా పెడతారు. అప్పుడు ముగింపు ఖాయం. కానీ రెండు దోషాలు మిగులుతాయి. మొదటిది, వృథా శ్రమ: 4096 బైట్ల గమ్యంలో ఆరక్షరాల పేరు పెడితే మిగతాదంతా సున్నాలతో నింపుతుంది. రెండోది ఇంకా తీవ్రం: పేరు తెగిపోయిందో లేదో మనకు చెప్పదు. అది తిరిగి ఇచ్చేది మనం ఇచ్చిన గమ్యం చిరునామానే.

5. దిద్దుబాట్లు: స్టర్‌ఎల్‌కాపీ, స్టర్‌ఎస్‌కాపీ

ఈ దోషాలను సరిదిద్దడానికి టాడ్ మిల్లర్, థియో డి రాట్ 1998లో ఓపెన్‌బీఎస్‌డీలో స్టర్‌ఎల్‌కాపీని ప్రవేశపెట్టారు. దీనికి గమ్యం పూర్తి పరిమాణం ఇస్తాం. పరిమాణం సున్నా కానంతవరకు ఎల్లప్పుడూ ముగింపు గుర్తు పెడుతుంది, అనవసరంగా సున్నాలు నింపదు. మూలం పూర్తి పొడవును తిరిగి ఇస్తుంది. ఆ విలువ గమ్యం పరిమాణానికి సమానమైనా, ఎక్కువైనా పాఠం తెగినట్టే.

ఇది ముందడుగే. అయినా రెండు ఆక్షేపణలు ఉన్నాయి. ఒకటి, మూలం పూర్తి పొడవు చెప్పాలంటే మూలాన్ని చివరిదాకా చదవాలి. పదహారు బైట్లే కావలసినా, మూలం పది లక్షల బైట్లుంటే అన్నీ చదువుతుంది. మూలానికి ముగింపు గుర్తే లేకపోతే హద్దు దాటి చదువుతూ పోతుంది. అంటే రాయడంలోని ప్రమాదం తొలగింది, చదవడంలోది మిగిలింది. రెండోది, తిరిగి వచ్చిన విలువను చూడకపోతే పాఠం నిశ్శబ్దంగా తెగిపోతుంది. గ్లిబ్‌సీ నిర్వాహకుడు ఉల్‌రిక్ డ్రెపర్ 2000లో దీన్ని చేర్చడానికి నిరాకరించినప్పుడు జరిగిన వాదనలో ఈ రెండో విషయం ముఖ్యమైనది. చివరికి 2023లో వచ్చిన గ్లిబ్‌సీ 2.38లో ఇది చేరింది. 2024 నాటి పోజిక్స్ ప్రమాణంలోనూ చోటు దొరికింది.

లినక్స్ కెర్నెల్ మరో దారి పట్టింది. 2015లో స్టర్‌ఎస్‌కాపీ వచ్చింది. ఇది అవసరమైనంత మేరకే మూలాన్ని చదువుతుంది, ముగింపు గుర్తు పెడుతుంది. నకలు పూర్తయితే అక్షరాల సంఖ్యను, తెగితే రుణాత్మక విలువను ఇస్తుంది. తెగడాన్ని ఒక పొడవుగా కాక, ఒక వైఫల్యంగా చెప్పడమే ఇందులో నాకు నచ్చిన గుణం. 2024లో వచ్చిన 6.8 కెర్నెల్ నుంచి స్టర్‌ఎల్‌కాపీని పూర్తిగా తీసివేశారు. ఒకే ఫంక్షన్‌ను ఒకరు బయటికి పంపిన కాలంలోనే మరొకరు లోపలికి ఆహ్వానించారు. దీన్ని వైరుధ్యం అనుకోనక్కర్లేదు. కెర్నెల్‌కు మూలాన్ని నమ్మే అవకాశం తక్కువ. సాధారణ ప్రోగ్రాంకు పాత కోడ్‌తో పొత్తు కుదరడం ముఖ్యం. 'ఏది సురక్షితం?' అన్న ప్రశ్నకు 'ఎక్కడ?' అన్న ఎదురు ప్రశ్న తప్పదు.

6. మెమరీ క్షేమం, అర్థం గాయం

ఇప్పటిదాకా మనం మెమరీ హద్దుల గురించే మాట్లాడాం. ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకంగా సంబంధించిన విషయం ఒకటి ఉంది.

యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడ్ వర్ణం ప్రతిదీ మూడు బైట్లు తీసుకుంటుంది. గుణింతపు గుర్తు కూడా ఒక వర్ణమే, పొల్లు కూడా ఒక వర్ణమే. 'తెలుగు' అన్న మాటలో కంటికి మూడు అక్షరాలు. యూనికోడ్‌లో ఆరు వర్ణాలు. మెమరీలో 18 బైట్లు, ముగింపు గుర్తుతో 19. స్టర్‌లెన్ చెప్పేది 18. అది అక్షరాలను కాదు, బైట్లను లెక్కపెడుతుంది.

ఈ మాటను 16 బైట్ల గమ్యంలోకి, ముగింపు గుర్తు తప్పకుండా పెట్టే ఫంక్షన్‌తోనే నకలు చేశామనుకోండి. 15 బైట్లు పడతాయి, ఐదు వర్ణాలు మిగులుతాయి: 'తెలుగ'. గమ్యం 15 బైట్లే అయితే 14 పడతాయి: 'తెలు', దాని వెనుక విరిగిన రెండు బైట్లు. ఆ రెండింటినీ తెర మీద ప్రశ్నార్థకపు గుర్తుగానో, ఖాళీ డబ్బాగానో చూస్తారు.

విరిగిన బైట్లను వెనక్కి జరిగి తీసివేయవచ్చు. యూటీఎఫ్-8లో కొనసాగింపు బైట్‌కు మొదటి రెండు బిట్లు ఒకటి, సున్నా కాబట్టి గుర్తుపట్టడం కష్టం కాదు. కానీ 'తెలుగ'ను ఏం చేస్తారు? అందులో విరిగింది ఏదీ లేదు. యంత్రం దృష్టిలో అది సక్రమమైన పాఠమే.

ఇంకా ముందుకు వెళ్దాం. ఒక దరఖాస్తు ఫలితంగా 'అర్హుడు కాదు' అన్న మాటలను 22 బైట్ల గడిలో నకలు చేయాలనుకోండి. మొత్తం 34 బైట్లు. అందులో 'అర్హుడు' సరిగ్గా 21 బైట్లు, ఆపై ముగింపు గుర్తు ఒకటి. గడి నిండింది. హద్దు దాటలేదు, ముగింపు గుర్తు ఉంది, యూనికోడ్ విరగలేదు. గడిలో మిగిలింది 'అర్హుడు'. ఏ మెమరీ పరీక్షా దీన్ని పట్టుకోదు. ఎవరి దరఖాస్తో, ఎవరి పింఛనో, ఎవరి మందుల చీటీయో దాని మీద ఆధారపడి ఉండవచ్చు.

అందుకే 'తెగినా ఫర్వాలేదు, క్రాష్ కాలేదుగా' అన్న ధోరణిని నేను ఒప్పుకోను. క్రాష్ అయిన ప్రోగ్రాం తప్పు జరిగిందని చెబుతుంది. నిశ్శబ్దంగా కత్తిరించిన ప్రోగ్రాం తప్పును సత్యంగా అందిస్తుంది.

7. మరి మీరు ఏం చేయాలి?

విమర్శ చేసి వదిలేస్తే విద్యార్థికి ఉపయోగం లేదు. మీ అభ్యాసాల్లో ఈ క్రమం పాటించండి.

అ) మూలం పొడవును స్టర్‌లెన్‌తో కొలవండి. మూలానికి ముగింపు గుర్తు ఉందన్న నమ్మకం లేకపోతే పోజిక్స్‌లోని స్టర్‌ఎన్‌లెన్ వాడండి.
ఆ) ఆ పొడవు గమ్యం పరిమాణం కంటే తక్కువగా ఉందో లేదో చూడండి. 'తక్కువ లేదా సమానం' అని రాస్తే తప్పు. వరంగల్ ఉదాహరణ గుర్తు తెచ్చుకోండి.
ఇ) తక్కువ కాకపోతే నకలు చేయకండి. విఫలమైందని పిలిచిన ఫంక్షన్‌కు తెలియజేయండి. ఏం చేయాలో అది నిర్ణయిస్తుంది: పెద్ద చోటు అడగవచ్చు, వాడుకరికి చెప్పవచ్చు.
ఈ) తక్కువైతే మెమ్‌కాపీతో పొడవుకు ఒకటి కలిపి అన్ని బైట్లు నకలు చేయండి. ఆ ఒకటి ముగింపు గుర్తు కోసం.

ఒకే ఫంక్షన్‌తో పని జరగాలంటే 1999 ప్రమాణం నుంచి ఉన్న ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఉంది. అది తిరిగి ఇచ్చే విలువ రుణాత్మకమైనా, గమ్యం పరిమాణానికి సమానమైనా, ఎక్కువైనా నకలు విఫలమైనట్టే. అయితే మూలాన్ని ఎప్పుడూ ఫార్మాట్ స్థానంలో ఇవ్వకండి. అది మరో రకం దాడికి తలుపు తెరవడమే.

ఇంకొక జాగ్రత్త. అర్రేను ఫంక్షన్‌కు పంపినప్పుడు లోపలికి వెళ్లేది దాని చిరునామా మాత్రమే. అక్కడ సైజ్‌ఆఫ్ అడిగితే అర్రే పరిమాణం రాదు, పాయింటర్ పరిమాణం వస్తుంది. 64 బిట్ల యంత్రాల్లో అది సాధారణంగా 8. కాబట్టి గమ్యంతో పాటు దాని పరిమాణాన్ని కూడా విడిగా పంపండి. గమ్యం, పరిమాణం ఎప్పుడూ జంటగా ప్రయాణించాలి.

స్టర్‌ఎన్‌కాపీని పూర్తిగా నిషేధించాలా? అక్కర్లేదు. ముగింపు గుర్తు అవసరం లేని స్థిరమైన గడిని నింపుతున్నప్పుడు అది తన సొంత పని చేస్తుంది. అప్పుడు పక్కనే ఒక వ్యాఖ్య రాయండి, చదివేవారికి మీ ఉద్దేశం తెలుస్తుంది. జీసీసీ కంపైలర్ 2018లో వచ్చిన ఎనిమిదో సంచిక నుంచి అనుమానాస్పదమైన స్టర్‌ఎన్‌కాపీ పిలుపుల మీద హెచ్చరిక ఇస్తోంది. ఆ హెచ్చరికను ఆపేసే ముందు చదవండి.

8. సారాంశం

సురక్షితమైన నకలు ఒక ఫంక్షన్ పేరులో లేదు. అది మూడు ప్రశ్నలకు జవాబులో ఉంది: గమ్యంలో చోటు ఎంత? ముగింపు గుర్తు ఖాయమా? పట్టకపోతే ఎవరికి తెలుస్తుంది? స్టర్‌కాపీ మొదటి ప్రశ్న అడగదు. స్టర్‌ఎన్‌కాపీ రెండోదాని దగ్గర తప్పుతుంది, మూడోదానికి జవాబే ఇవ్వదు. స్టర్‌ఎల్‌కాపీ, స్టర్‌ఎస్‌కాపీ మూడింటికీ జవాబు ఇస్తాయి, కానీ ఆ జవాబును వినవలసింది మీరే. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే, ఒక పేరు బదులు మరో పేరు రాసి ఊరుకోకండి. ఈ మూడు ప్రశ్నలూ రాయండి.

9. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పది బైట్ల గమ్యంలోకి, ఎన్ విలువ 10గా, రోమన్ లిపిలో పది అక్షరాల పేరును స్టర్‌ఎన్‌కాపీతో నకలు చేస్తే ఏమవుతుంది? గమ్యాన్ని గీసి చూపండి.
2. మీ పేరును తెలుగులో రాసి, యూటీఎఫ్-8లో ఎన్ని బైట్లు పడుతుందో లెక్కించండి. ముగింపు గుర్తును మరవకండి.
3. చివరి మాట తెగిపోతే అర్థం తిరగబడే వాక్యం ఒకటి మీ నిత్యజీవితం నుంచి రాయండి. దాన్ని ఎంత గడిలో పెడితే ఆ ప్రమాదం జరుగుతుందో బైట్లలో చెప్పండి.
4. గెట్స్‌ను ప్రమాణం నుంచి తొలగించి స్టర్‌కాపీని ఉంచడం సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో పది పంక్తుల్లో రాయండి. నాతో ఏకీభవించనక్కర్లేదు.